అద్దె కట్టలేక, వీధి దాటలేక: ఆన్ పెట్రీ నవల 'ద స్ట్రీట్'

ముందే చెప్పేస్తున్నా, చదివాక మనసు తేలికపడే పుస్తకం కోసం చూస్తుంటే ఇది మీకు పనికిరాదు. ఆన్ పెట్రీ రాసిన 'ద స్ట్రీట్' 1946లో వచ్చింది. న్యూయార్క్ నల్లవాడ హార్లెంలో, 116వ వీధిలో, 1944లో జరిగే కథ. ఎనిమిదేళ్ళ కొడుకుని పెట్టుకుని ఒంటరిగా నెట్టుకొస్తున్న ల్యూటీ జాన్సన్ అనే నల్లజాతి యువతి ఒక అపార్ట్‌మెంటులో అద్దెకు దిగుతుంది, ఇక అక్కణ్ణుంచి బయటపడలేదు. కథ అంతే. ఆఫ్రికన్-అమెరికన్ రచయిత్రి రాసిన నవలల్లో పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయిన మొదటిది ఇదే. అయినా నిరసన నవలల (సమాజంలోని అన్యాయాన్ని ఎండగట్టే నవలల) గురించి మాట్లాడేటప్పుడు అందరూ రిచర్డ్ రైట్ 'నేటివ్ సన్' దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు, ఈ పుస్తకం పేరు ఎక్కడో చివర్లో వస్తుంది. నాకది అన్యాయం అనిపించింది కాబట్టే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

జాతి వివక్ష మీద నవల అనగానే కోర్టు సీన్లు, గుంపు దాడులు, పెద్ద పెద్ద ఉపన్యాసాలు ఊహించుకుంటాం. ఇందులో అవి దాదాపు లేవు. ఉన్నవన్నీ లెక్కలే. అద్దెకి ఎంత పోతుంది, కరెంటుకి ఎంత, కూరాసామానుకి ఎంత, పిల్లాడికి ఇంకేమన్నా మిగులుతుందా. ల్యూటీ బుర్రలో ఈ లెక్క ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, చదివే మనకి కూడా కాసేపటికి అదే టెన్షన్ పట్టుకుంటుంది. ఈ నవల్లో దుర్మార్గులు నలుగురైదుగురు ఉన్నారు గానీ, అసలు విలన్ ఎవరని అడిగితే నేను అద్దె అనే చెబుతా.

మొదటి పేజీ నిండా గాలే. నవంబరు చలిగాలి వీధిలోకి జొరబడి చిత్తుకాగితాల్ని, దుమ్మునీ, ఎవరో తిని పారేసిన ఎముకల్నీ ఎగరేస్తూ జనాన్ని నడుములు వంచి నడిపిస్తూ ఉంటుంది. ల్యూటీ ఆ గాలిలో నిలబడి ఒక 'గదులు అద్దెకివ్వబడును' బోర్డు చదవాలని చూస్తుంటుంది, బోర్డు ఊగిపోతూ చదవనివ్వదు. పెయింటు పోయినచోట రేకు తుప్పుపట్టి నెత్తుటి మరకలా ఉంటుంది. మూడు గదులు, ఆవిరి హీటింగు, మంచి చెక్క నేల, మర్యాదస్తులు ఉండే బిల్డింగు, అద్దె కూడా సరసమే అని రాసుంటుంది దానిమీద. ల్యూటీ అందులో ఒక్క ముక్క కూడా నమ్మదు. ఒక్కోటీ విప్పుకుంటూ పోతుంది. చెక్క నేల అంటే ఎంత రుద్దినా రంగు తేలని పాత చెక్క. హీటింగు అంటే పొద్దస్తమానం పైపుల్లో గడగడమనే మోత. మర్యాదస్తులంటే అద్దె కట్టగలిగిన ఎవరైనా సరే, తాగి గొడవచేసేవాళ్ళైనా సరే. ఇంత తెలిసీ లోపలికి వెళ్తుంది, టార్చిలైటు పట్టుకున్న సూపర్ జోన్స్ (బిల్డింగు చూసుకునే మనిషి) చూపు ఒంటిమీద పాకుతుంటే ఆ చీకటి మెట్లన్నీ ఎక్కి పై అంతస్తులో ఉన్న ఇల్లు చూస్తుంది, మోసపోతున్నానని తెలిసే ఒప్పుకుంటుంది. తెలివి తక్కువై కాదు. ఆమె చర్మం రంగుకీ, ఆమె జీతానికీ ఆ ఊళ్ళో ఇంతకన్నా మంచి ఇల్లు ఇచ్చేవాళ్ళు లేరు. మొదటి ఇరవై, పాతిక పేజీల్లోనే పెట్రీ ఈ సంగతి ఎవరిచేతా చెప్పించకుండా మనకి ఎక్కించేస్తుంది, అక్కడే నేను ఈ పుస్తకానికి పడిపోయాను.

వెనక కథ కూడా డబ్బు లెక్కే. ల్యూటీ, ఆమె భర్త జిమ్ మొదట్లో జమైకాలో (న్యూయార్క్ క్వీన్స్‌లోని జమైకా, ద్వీపం కాదు) సొంత ఇంట్లో ఉండేవాళ్ళు. జిమ్‌కి ఉద్యోగం దొరకదు. ఇంటి వాయిదాలు కట్టడానికి ప్రభుత్వం అప్పగించే అనాథ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని పెంచుతారు, వాళ్ళకోసం వచ్చే డబ్బుతో నెట్టుకొస్తారు. ల్యూటీ తండ్రి తాగి, స్నేహితుల్ని పోగేసి అల్లరి చేయడంతో అధికారులు పిల్లల్ని తీసుకెళ్ళిపోతారు, ఆ ఆదాయం కాస్తా పోతుంది. అప్పుడు ల్యూటీ కనెటికట్‌లోని లైమ్‌లో చాండ్లర్లనే తెల్లవాళ్ళ ఇంట్లో ఉండి పనిచేయడానికి వెళ్తుంది. వేరేవాళ్ళ పిల్లాడికి వండిపెడుతూ తన పిల్లాణ్ణి నెలల తరబడి చూడకుండా జీతం ఇంటికి పంపుతుంది. చివరికి ఇంట్లో ఇంకో ఆడది తిష్ట వేసిందని తెలుస్తుంది. జిమ్ చెడ్డవాడని రచయిత్రి ఎక్కడా అనదు. పని దొరకని మగవాడు, పని దొరికే ఆడది, ఈ రెంటి మధ్య కాపురం ఎలా చితికిపోతుందో చూపించి వదిలేస్తుంది. తర్వాత ల్యూటీ లాండ్రీలో చాకిరీ చేస్తూ రాత్రిబడికి వెళ్ళి, సివిల్ సర్వీసు పరీక్ష పాసై, గుమస్తా ఉద్యోగం తెచ్చుకుంటుంది. అంటే ఈవిడ సోమరి కాదు, చదువుకోనిదీ కాదు, తాగదు, తప్పుదారి తొక్కదు. అమెరికా ఏమేం చేస్తే బాగుపడతావని చెప్పిందో అవన్నీ చేసింది.

చాండ్లర్ల ఇంట్లో ఆమెకి ఒక రోగం అంటుకుంది. ఈ దేశంలో కష్టపడితే ఎవడైనా లక్షాధికారి కావచ్చని వాళ్ళు భోజనాల దగ్గర మాట్లాడుకుంటుంటే విని విని ఆమె కూడా నమ్మేస్తుంది. అదే ఇంట్లో క్రిస్మస్ పూట యజమాని సోదరుడు అందరి ముందూ పిస్తోలుతో కాల్చుకుని చనిపోతే, డబ్బూ పలుకుబడీ కలిసి దాన్ని ప్రమాదంగా రాయించేస్తాయి. అది కళ్ళారా చూసి కూడా ల్యూటీ నమ్మకం చెదరదు, పైగా డబ్బుంటే ఎంత పని జరుగుతుందో అన్నదే ఆమెకి ఎక్కుతుంది. హార్లెం వీధిలో రొట్టెలు కొనుక్కుని నడుస్తూ బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ని తలుచుకుంటుంది, ఆయన ఫిలడెల్ఫియాలో చేతిలో రొట్టెతో నడిచినవాడే కదా, తనూ పైకి రాలేకపోతుందా అని. పెట్రీ ఇక్కడ కొంటె పని ఒకటి చేసింది. ఆ వీధిలో బార్లు, డాన్సు హాళ్ళు, బిల్డింగులు, వేశ్యాగృహాలు అన్నీ ఒకే తెల్లవాడి చేతిలో ఉంటాయి, వాడి పేరు జుంటో. ఫ్రాంక్లిన్ 1727లో స్నేహితులతో పెట్టుకున్న క్లబ్బు పేరు కూడా జుంటోయే. తెలియకపోయినా కథకి నష్టం లేదు, తెలిస్తే మాత్రం ఆ పేరు కనిపించినప్పుడల్లా చురుక్కుమంటుంది.

ఇలాంటి రాతని విమర్శకులు నేచురలిజం అంటారు. ఫ్రాన్స్‌లో జోలా మొదలుపెట్టాడు, అమెరికాలో థియొడోర్ డ్రైజర్ లాంటివాళ్ళు అందుకున్నారు. మనిషి గుణాన్ని కాదు, మనిషి చుట్టూ ఉన్న ఊరునీ ఆకలినీ జీతాన్నీ పట్టుకుని, ఇలాంటి చోట ఇలాంటి మనిషిని పెడితే ఏమవుతుందో చూద్దాం అనే పద్ధతి. రైట్ డ్రైజర్‌ని ఆబగా చదివినవాడు. 1940లో 'నేటివ్ సన్'తో ఆ పద్ధతిని చికాగో నల్లవాడలోకి తెచ్చాడు. మూడు వారాల్లో రెండు లక్షల పైచిలుకు ప్రతులు అమ్ముడుపోయాయి, బుక్ ఆఫ్ ద మంత్ క్లబ్ ఒక నల్లజాతి రచయిత పుస్తకాన్ని ఎంచుకోవడం అదే మొదలు. అందులోనూ మొదటి సీను ఇల్లే. అలారం మోగుతుంది, తల్లి, ఇద్దరు కొడుకులు, కూతురు ఒకే గదిలో లేస్తారు, బట్టలు మార్చుకునేటప్పుడు మగపిల్లలు మొహం తిప్పుకోవాలి, ఈలోగా ఒక పెద్ద ఎలుక. బిగ్గర్ థామస్ దాన్ని పెనంతో కొట్టి చంపుతాడు. ఆ గది ఎవరిదంటే, బిగ్గర్ డ్రైవరుగా చేరబోయే ఇంటి యజమాని డాల్టన్‌కి వాటా ఉన్న కంపెనీది. నల్లవాళ్ళని ఊళ్ళో ఒక్క ముక్కలోనే ఉండనిచ్చి, అదే ముక్కలో ఎక్కువ అద్దె గుంజి, ఆ డబ్బులోంచే నల్ల కుర్రాళ్ళ క్లబ్బుకి పింగ్‌పాంగ్ బల్లలు దానం చేసే పెద్దమనిషి ఆయన. ఇది రైట్ అతిగా ఊహించింది కాదు. ఇళ్ళ కాగితాల్లోనే నల్లవాళ్ళకి అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అని రాసుకునే ఒప్పందాలు చికాగోలో వీధుల కొద్దీ ఉండేవి. అలాంటి ఒప్పందాల్ని కోర్టులు అమలు చేయకూడదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది 1948లో, అంటే ఈ రెండు నవలలూ వచ్చాకే.

ఇక రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు పెట్రీ పుస్తకమే బాగా నచ్చింది, ఎందుకో చెబుతా. రైట్ మొదటి రెండు భాగాలు ఊపిరి తిప్పుకోనివ్వవు, ఒప్పుకుంటా. మూడో భాగంలో బిగ్గర్ తరఫు లాయరు మాక్స్ లేచి కోర్టులో మాట్లాడడం మొదలుపెట్టాక నవల కూర్చుండిపోతుంది. పేజీలకి పేజీలు ఆయన మనకి పాఠం చెబుతాడు, అప్పటికే బిగ్గర్ ఒళ్ళంతా భయంగా మారడం చూసిన మనకి ఆ పాఠం అక్కర్లేదు. ఇంకొకటి, బిగ్గర్ బుర్రలో తప్ప ఇంకెవరి బుర్రలోనూ మనకి చోటు దొరకదు. అతను తన ప్రియురాలు బెస్సీని ఇటుకతో కొట్టి చంపేస్తాడు. కోర్టులో ఆమె శవం కేవలం సాక్ష్యంగా పనికొస్తుంది, కేసంతా అంతకుముందు బిగ్గర్ చేతిలో చచ్చిపోయిన తెల్లమ్మాయి, డాల్టన్ కూతురు మేరీ గురించే. ఆ అన్యాయం రైట్‌కి తెలుసు, కానీ బతికున్నప్పుడు బెస్సీ ఏం అనుకునేదో చెప్పడానికి ఆయన కూడా ఎక్కువ చోటివ్వలేదు. పెట్రీని చదువుతుంటే, ఆ బెస్సీ వైపు నుంచి నవల రాస్తే ఇలాగే ఉండేదేమో అనిపిస్తుంది.

పెట్రీ అందరి బుర్రల్లోకీ దూరుతుంది. ల్యూటీ మీద కన్నేసిన సూపర్ జోన్స్ బుర్రలోకి కూడా. ఓడల్లో పనిచేసి, తర్వాత బిల్డింగుల బేస్‌మెంట్లలో బాయిలర్ల పక్కన ఏళ్ళు గడిపిన మనిషి, ఒంటరితనంతో పుచ్చిపోయాడు. అతన్ని చూస్తే అసహ్యం వేస్తుంది, ఆ అసహ్యంతోనే అతని వైపు నుంచి కూడా కాసేపు చూడాల్సి వస్తుంది. మిసెస్ హెడ్జెస్ ఇంకా గొప్ప పాత్ర. వీధివైపు కిటికీలో పొద్దస్తమానం కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూస్తుంటుంది, నెత్తిన రుమాలు కట్టుకుని. లోపల అమ్మాయిల్ని పెట్టి వ్యాపారం. ఒకప్పుడు చెత్తడబ్బాలు వెతుక్కునే రోజుల్లో జుంటో పరిచయం, అతనూ అప్పుడు తోపుడుబండిమీద పాత సీసాలు ఏరుకునేవాడే. అతను బిల్డింగు కొన్నాక ఈవిడ దాన్ని చూసుకుని అద్దెలు వసూలు చేసింది. బిల్డింగు తగలబడినప్పుడు ఇరుకు కిటికీలోంచి ఒళ్ళంతా కాలుతూ బయటపడింది, అందుకే ఆ రుమాలు. జుంటో వ్యాపారాలు సగం ఈవిడ ఆలోచనలే. జోన్స్ మీదపడినప్పుడు ల్యూటీని కాపాడేదీ ఈవిడే, ఆ వెంటనే ల్యూటీని అమ్మకానికి పెట్టేదీ ఈవిడే, రెండూ ఒకే గొంతుతో, 'డియరీ' అని ముద్దుగా పిలుస్తూ.

నాకు అందరికన్నా నచ్చింది మాత్రం మిన్. జోన్స్ ఇంట్లో ఉండే, ఎవరూ లెక్కచేయని, వంగిపోయిన మనిషి. అతని దగ్గర ఎందుకుందంటే ప్రేమ కాదు, అద్దె కట్టక్కర్లేదు. ఆ మిగిలే డబ్బుని తన పెద్ద బల్లకున్న రహస్యపు సొరుగులో దాచుకుంటుంది, కట్టుడుపళ్ళు పెట్టించుకోవాలని. జోన్స్ ల్యూటీ మీద పిచ్చితో తనని గెంటేస్తాడేమో అని భయం పట్టుకున్నాక, ఆ పళ్ళ డబ్బు తీసుకెళ్ళి ప్రాఫెట్ డేవిడ్ అనే మంత్రగాడి చేతిలో పోస్తుంది. అతను ఒక శిలువ, కొన్ని కొవ్వొత్తులు, పొడి, కాఫీలో వేయడానికి ఎర్రటి చుక్కలమందు ఇస్తాడు. నవ్వుకోవడానికి రాసిన ఘట్టం అనుకుంటాం, కాదు. తను చెప్పేది ఒక మనిషి అడ్డు రాకుండా, చూపు తిప్పకుండా వినడం మిన్ జీవితంలో అదే మొదటిసారి. డాక్టర్లు వినలేదు, యజమానురాళ్ళు వినలేదు, మొగుళ్ళు వినలేదు. ఆ వినడానికే ఆమె డబ్బులిచ్చింది. చివరికి ఆ ఇంట్లోంచి తన బల్ల సామాను బండికెక్కించుకుని బయటపడేది కూడా మిన్ ఒక్కతే, ఆ తోపుడుబండివాడితో ఇంకో ఇల్లు చూసుకోవచ్చులే అని లెక్కేసుకుంటూ. లక్షాధికారి కలలు కన్న ల్యూటీ చితికిపోతుంది, ఒక్క గదికి సరిపోయే కోరిక పెట్టుకున్న మిన్ తప్పించుకుంటుంది. మనుషుల్ని పరిస్థితులు తొక్కేయడమే నేచురలిజం అని ఎవరైనా సూత్రం చెబితే మిన్ సంగతి అడగండి.

ఇంకో చిన్న ఘట్టం, రెండు మూడు పేజీలు కూడా ఉండదు, నన్ను వదల్లేదు. ఒక బేకరీ ముందు నల్ల కుర్రాడు చచ్చిపడి ఉంటాడు, దొంగతనానికి వచ్చాడని యజమాని కత్తితో పొడిచాడు. ల్యూటీ అటుగా వెళ్తూ చూస్తుంది. బక్కపలచని మనిషి, చిరుగు బట్టలు, బూట్ల అట్టలు అరిగిపోయి ఉన్నాయి. అతని అక్కో చెల్లెలో వస్తుంది, ఎప్పుడో ఇలా జరుగుతుందని అనుకుంటూనే ఉన్నానంటుంది. మర్నాడు పేపర్లో అదే కుర్రాడు 'కండలు తిరిగిన నీగ్రో'. ల్యూటీ ఆశ్చర్యపోదు కూడా, ఒక నల్లవాణ్ణి ఎలా చూడాలని ముందే అనుకుని ఉంటే కళ్ళకి అలాగే కనిపిస్తాడు అనుకుని ముందుకి పోతుంది. ఇది రాసింది విలేకరి కాబట్టే ఇంత పదును. పెట్రీ హార్లెంలో 'ఆమ్‌స్టర్‌డామ్ న్యూస్'లోనూ, తర్వాత హార్లెం నాయకుడు ఆడమ్ క్లేటన్ పావెల్ జూనియర్ పత్రిక 'పీపుల్స్ వాయిస్'లోనూ పనిచేసింది. రైట్‌కీ పేపర్ల సంగతి తెలుసు. 1938లో చికాగోలో రాబర్ట్ నిక్సన్ అనే నల్ల కుర్రాణ్ణి ఒక తెల్లావిడ హత్య కేసులో పట్టుకున్నప్పుడు పత్రికలు అతన్ని అడవి మృగంతో పోల్చి రాశాయి, ఆ మరుసటి ఏడు అతనికి మరణశిక్ష అమలైంది. రైట్ తన నవల్లోని పేపరు వార్తలకి ఆ భాషనే వాడుకున్నాడు. రైట్ దగ్గర అది గట్టిగా అరుస్తుంది, పెట్రీ దగ్గర రోడ్డు పక్కన కనిపించి దాటిపోతుంది. దాటిపోయిందే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

పెట్రీ హార్లెం మనిషి కాదు, అది కూడా చెప్పాలి. 1908లో కనెటికట్‌లోని ఓల్డ్ సేబ్రూక్‌లో పుట్టింది, ఇంట్లో సొంత మందులషాపు, తనూ ఫార్మసీ చదివింది. పెళ్ళయ్యాక 1938లో హార్లెం వచ్చింది. బయటనుంచి వచ్చిన కన్ను కాబట్టే అలవాటుపడిన వాళ్ళకి ఆనని చిన్న చిన్నవి పట్టుకుంది అనుకుంటా, తల్లులు పనికెళ్తే ఖాళీ ఇళ్ళకి తాళంచెవితో తిరిగొచ్చే పిల్లల సంగతి ముఖ్యంగా. ల్యూటీ కొడుకు బబ్ సాయంత్రాలు ఆ చీకటి ఇంట్లో ఒక్కడే ఉంటాడు. భయమేసి లైటు వేసుకుంటే అమ్మ కరెంటు బిల్లు గురించి తిడుతుంది. అమ్మకి డబ్బు కావాలి కదా అని బూట్ పాలిష్ పెట్టె చేసుకుని వీధిలో కూర్చుంటే ల్యూటీ చూసి చెంప పగలగొడుతుంది, నల్లపిల్లలు చేయాల్సింది ఇదే అని తెల్లవాళ్ళు అనుకునే పని తన కొడుకు చేయడం ఆమె తట్టుకోలేదు. తిట్టిందీ డబ్బు కోసమే, కొట్టిందీ డబ్బు తెచ్చే పని చేశాడనే, ఆ పిల్లాడికి ఏం అర్థమవుతుంది? పుస్తకంలో నాకు గొంతు పట్టేసింది ఇక్కడే, చివరి హత్య దగ్గర కాదు.

యుద్ధకాలం కూడా వెనక మోగుతూనే ఉంటుంది. 1943 ఆగస్టులో హార్లెంలో ఒక పోలీసు ఒక నల్ల సైనికుణ్ణి కాల్చి గాయపరిస్తే అల్లర్లు రేగి ఆరుగురు చనిపోయారు. నవల్లో ఆ అల్లర్లు నేరుగా లేవు, కానీ ల్యూటీ పాడే బాండుని నడిపే బూట్స్ స్మిత్ తను సైన్యంలోకి ఎందుకు పోనంటున్నాడో చెప్పే చోట ఆ వేడి మొత్తం తగులుతుంది. రైళ్ళలో పోర్టరుగా 'బాయ్' అని పిలిపించుకుని బతికినవాడు, ఈ దేశం కోసం తుపాకీ పట్టనంటాడు, జుంటో పలుకుబడితో తప్పించుకుంటాడు. ఆ ఉపకారానికి బదులుగా ల్యూటీని తనకి వదిలేయమంటాడు జుంటో. బూట్స్ బేరం వేసుకుంటాడు, ఈ అమ్మాయా, నా బతుకా అని. ల్యూటీ పాటకి డబ్బులివ్వొద్దని కూడా జుంటోయే చెబుతాడు, అవసరం పెరిగితే తనంతట తనే దారికొస్తుందని. పాట నేర్పిస్తామనే స్కూలువాడు కూడా ఫీజుకి బదులు ఇంకేదో అడుగుతాడు, ఆమె సిరాబుడ్డి విసిరికొట్టి వస్తుంది. ఎటు తిరిగినా ఒకటే బేరం. జాతి తగవు, డబ్బు తగవు, ఆడదాని ఒంటి మీద తగవు, మూడింటినీ విడివిడిగా చూపించడం కుదరదని 1946లోనే ఇంత తేటగా రాసిన నవల నేను ఇంకోటి చదవలేదు.

ఇప్పుడు లోపాలు. ఉన్నాయి, దాచేదేం లేదు. ల్యూటీ ఆలోచనలు తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి, 'ఈ వీధి, ఈ వీధి' అని. మధ్యలో ఒక వంద పేజీలు ఇదే పాట వింటున్నట్టు ఉంటుంది, కత్తెర పడాల్సింది. తెల్లవాళ్ళ పాత్రలు పలచన, బబ్ టీచరు మిస్ రిన్నర్‌కి నల్లపిల్లల వాసన పడదు, ఆమె గురించి అంతకు మించి మనకి మిగిలేది లేదు. జోన్స్ బుర్రకి ఇచ్చిన ఓపికలో పావువంతు ఆమెకీ ఇచ్చుంటే ఆ ద్వేషం ఇంకా భయపెట్టేది. ల్యూటీకి స్నేహితురాళ్ళు లేరు, చర్చి లేదు, పక్కింటివాళ్ళతో మాటల్లేవు. హార్లెంలో ఇవన్నీ లేకపోలేదు కదా, మరి ఈమెని ఇంత ఒంటరిని చేసింది వీధా రచయిత్రా అన్న అనుమానం నాకు పోలేదు. నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ 1949లో నిరసన నవలల్ని దులిపేస్తూ రాసిన వ్యాసం ప్రధానంగా 'అంకుల్ టామ్స్ కేబిన్' మీదా చివర్లో 'నేటివ్ సన్' మీదా గానీ, మనిషిని ఒక సమస్యకి నమూనాగా కుదించేస్తారు అన్న ఆయన ఫిర్యాదు ల్యూటీకి కొంత తగులుతుంది. మిన్‌కీ మిసెస్ హెడ్జెస్‌కీ మాత్రం తగలదు.

(ఇక్కడినుంచి కథ చివరిదాకా చెప్పేస్తున్నా. వద్దనుకుంటే తర్వాతి రెండు పేరాలు వదిలేయండి.)

ముగింపు మీద చాలామందికి పేచీ. ల్యూటీ దక్కలేదన్న కసితో జోన్స్ బబ్‌ని పోస్టు డబ్బాల్లోంచి ఉత్తరాలు దొంగిలించే పనిలో దింపుతాడు, పోలీసులకి సాయం చేస్తున్నాం అని నమ్మించి. పిల్లాడు దొరికిపోతాడు. మరీ సినిమాలా ఉంది అంటారు. కానీ ఈ నవలకి బీజమే ఒక పేపరు వార్త, బిల్డింగు సూపరు ఒక కుర్రాడికి ఉత్తరాల దొంగతనం నేర్పించాడని. నాకు అసలు ఇబ్బంది తర్వాతది. ల్యూటీ లాయరు దగ్గరికి పరిగెడుతుంది, అతను రెండు వందల డాలర్లు అడుగుతాడు. పిల్లల కేసుకి లాయరే అక్కర్లేదని అతనికి తెలుసు, ఈమెకి ఎందుకు తెలియలేదో అని లోపల అనుకుంటూనే అడుగుతాడు. సివిల్ సర్వీసు పరీక్ష పాసైన మనిషికి అది తెలియదా, ఆఫీసులో ఒక్కరినైనా అడగదా? మొదటిసారి చదివినప్పుడు చిరాకు పడ్డా. తర్వాత ఆలోచిస్తే, ఆ బోర్డులో ఒక్కో ముక్కనీ విప్పి చూసిన ల్యూటీయే ఇక్కడ ఒక్క ప్రశ్న కూడా వేయకపోవడం పిల్లాడి భయం ఆమెని ఎక్కడికి తెచ్చిందో చెబుతుందేమో అనిపించింది. ఇప్పటికీ సగమే ఒప్పుకుంటున్నా.

ఆ రెండు వందల కోసం బూట్స్ దగ్గరికి వెళ్తుంది, అతను జుంటోకి ముందు తనకి అంటాడు, చేతికందిన బరువైన కొవ్వొత్తి స్టాండుతో ఆమె కొడుతూనే పోతుంది, అతన్ని మాత్రమే కాదు, వీధి మొత్తాన్ని కొడుతున్నట్టు. కొడుకుని అక్కడే వదిలేసి రైలెక్కేస్తుంది. రైలు కిటికీ అద్దం మీద వేలితో సున్నాలు చుడుతూ చిన్నప్పుడు బళ్ళో అలా సున్నాలు దిద్దించిన టీచరు, మీవాళ్ళకి రాయడం నేర్పించడం దేనికో అన్న మాట గుర్తుచేసుకుంటుంది. ఆ రైలు వెళ్ళేది ఎక్కడికనుకున్నారు, చికాగోకి. బిగ్గర్ థామస్ ఊరికి. పెట్రీ కావాలనే పెట్టిందని నా నమ్మకం, ఈ వీధిలోంచి పారిపోతే దొరికేది ఆ ఎలుకల గదే అని.

కొనేవాళ్ళ కోసం కొన్ని మాటలు. ఇంగ్లీషు కష్టం కాదు, వాక్యాలు సూటిగా ఉంటాయి, మాండలికం పాత్రలు మాట్లాడుకునేచోట మాత్రమే వస్తుంది, అదీ నాలుగు పేజీలకి అలవాటవుతుంది. ముందుమాట ఉన్న ప్రతి దొరికితే దాన్ని ఆఖర్న చదవండి, ఇలాంటి పాత పుస్తకాల ముందుమాటలు ముగింపు చెప్పేస్తుంటాయి. అత్యాచార ప్రయత్నాలు, పిల్లాడి మీద చేయి చేసుకోవడం, జాతిని తిట్టే మాటలు ఉంటాయి, మనసు బాగోలేని రోజుల్లో మొదలుపెట్టకండి. 'నేటివ్ సన్' కూడా తీసుకుంటే 1991లో వచ్చిన పూర్తి పాఠం ఉన్న ప్రతి చూసుకోండి. 1940లో బుక్ క్లబ్బు అభ్యంతరాల వల్ల సినిమాహాలు సీను మార్చేశారు, మేరీ డాల్టన్‌ని బిగ్గర్ ముందే తెరమీద చూసే సంగతి అందులో పోయింది, అది ఉంటేనే తర్వాత ఆమెని కలిసినప్పుడు అతని తడబాటు సరిగ్గా అర్థమవుతుంది. ఏది ముందు అంటే రైట్ ముందు, పెట్రీ తర్వాత. ఇంకా ఓపిక ఉంటే చెస్టర్ హైమ్స్ 1945 నవల 'ఇఫ్ హి హాలర్స్ లెట్ హిమ్ గో', లాస్ ఏంజెలెస్ ఓడల కార్ఖానాలో నాలుగైదు రోజుల కథ, కోపం విషయంలో ఆ ఇద్దరికీ తాత.

ఐదుకి నాలుగు ఇస్తున్నా. మధ్యలో సాగతీతకి అర మార్కు, మిస్ రిన్నర్‌కి ఇంకో అర కోత. మిన్ ఒక్కదాని కోసం ఒక నవల రాసుంటే ఐదుకి ఐదూ ఇచ్చేదాన్ని.